మహిళా జైల్లో ట్రామా: కథ తవ్వకండి, ముందు గేటు సోదా చూడండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున వారానికి రెండు రోజులు మహిళా జైలుకి వెళ్తున్నాను. సోషల్ వర్క్ చదివాను, జైలు మాత్రం కొత్త. కొందరు రిమాండ్ ఖైదీలు అసలు మాట్లాడరు. కొందరు సోదా అనగానే గొడవకి దిగుతారు. ఒకామె వారానికోసారి పడిపోతుంది. స్టాఫ్ అంతా నాటకం అంటున్నారు. ఇది ట్రామానా? నేను థెరపీ చేయాలా? కోర్టుకి ఏం రాయాలి?"

ట్రామా అంటే హింస, దాడి లాంటివి మనసులో వదిలిన గాయం. థెరపీ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. జరిగినదంతా బయటికి లాగే థెరపీని రిమాండ్ బ్యారక్‌లో మొదలుపెట్టొద్దు. రిమాండ్‌లో ఉన్నామె వచ్చే వారం అక్కడే ఉంటుందో లేదో మీకూ తెలీదు, ఆమెకూ తెలీదు. బెయిల్ వస్తే సాయంత్రానికి వెళ్లిపోతుంది, బ్యారక్ నిండితే వేరే జైలుకి పంపేస్తారు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో ఆడవాళ్లు 23,772 మంది. మొత్తం ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా ఇంకా విచారణ నడుస్తున్నవాళ్లే. మీరు మధ్యాహ్నం మూడింటికి ఒక గాయాన్ని తెరిచి నాలుగింటికి బస్సెక్కితే, సాయంత్రం బ్యారక్‌కి తాళం పడ్డాక దానితో రాత్రంతా గడపాల్సింది ఆమె. పక్కన నలభై మంది ఉంటారు, చెప్పుకోవడానికి ఒక్కరూ ఉండరు.

ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకం మీద పనిచేసే చికిత్స) లాంటివి పనిచేస్తాయి. అయితే శిక్షణ ఉన్న సైకాలజిస్టు కావాలి, ఎనిమిది నుంచి పన్నెండు సిట్టింగ్‌లు మధ్యలో తెగకుండా జరగాలి. శిక్ష పడి ఏడాదికి పైగా అక్కడే ఉండబోయే వాళ్లకి ఆ ఏర్పాటు చేయించండి. మిగతావాళ్ల విషయంలో మీ పని వేరు. జైలు రోజువారీ పనుల్లో ఏది పాత గాయాన్ని మళ్లీ మళ్లీ రేపుతోందో పట్టుకుని, ఆ పని చేసే తీరును మార్పించాలి. నా లెక్కలో ఎనభై శాతం పని ఇదే. దీనికి డిగ్రీ కన్నా సూపరింటెండెంట్‌తో మాట చెల్లడం ముఖ్యం.

వాళ్లు వాడే మాటలు

"ట్రామా" అన్న మాట ఏ ఖైదీ నోటా రాదు. "గుండె దడ", "తల దిమ్ముగా ఉంది", "కాళ్లూ చేతులూ గుంజుతున్నాయి", "నడుము లాగేస్తోంది", "తెల్లబట్ట అవుతోంది", "నిద్రలో ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంది" అంటారు. తెల్లబట్ట, నడుం నొప్పి అంటూ వారం వారం జైలు డాక్టరు దగ్గరికి వెళ్తూ, పరీక్షల్లో ఏమీ తేలని వాళ్ల జాబితా ఫార్మసిస్టు దగ్గర ఉంటుంది. ముందు ఆ జాబితా అడగండి. మీరు వెతుకుతున్న వాళ్లలో చాలామంది అందులోనే దొరుకుతారు. శరీర బాధ అబద్ధమని దీని అర్థం కాదు. ఇన్ఫెక్షన్, రక్తహీనత, థైరాయిడ్ లేవని తేల్చాకే మనసు వైపు చూడాలి.

అరవడం, గొడవపడడం అందరికీ కనబడుతుంది. కనబడనిది బిగుసుకుపోవడం. పేరు పిలిస్తే పలకదు. చెప్పింది విని తలూపుతుంది, పది నిమిషాల తర్వాత ఏం చెప్పారో గుర్తుండదు. వాయిదా తేదీ మర్చిపోతుంది. వీడియోలో జడ్జి ముందుకొస్తే ముఖంలో ఏ భావమూ ఉండదు. చూసేవాళ్లు "కొంచెం కూడా పశ్చాత్తాపం లేదు" అనుకుంటారు. మనిషి అక్కడ ఉన్నా మనసు అక్కడ ఉండని ఈ స్థితిని డిసోసియేషన్ అంటారు. ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే ఈ మనిషి ఎవరినీ ఇబ్బంది పెట్టదు. బ్యారక్‌లో "మంచి ఖైదీ" అనిపించుకుంటుంది. ఫిర్యాదులు వచ్చిన వాళ్లతో పాటు, ఏ ఫిర్యాదూ లేని వాళ్ల దగ్గరికి కూడా వెళ్లండి.

గేటు దగ్గర నాలుగు నిమిషాలు

ఒక సాయంత్రం ఊహించుకోండి. ఐదున్నర. వాయిదాల నుంచి ఎస్కార్ట్ వ్యాన్ తిరిగొచ్చింది, పదకొండు మంది దిగారు. లాకప్ టైమ్ దగ్గరపడింది కాబట్టి అందరికీ తొందరే. గేటు పక్క గదిలో ట్యూబ్‌లైట్, సగం తెరిచిన తలుపు. "చీర తీయ్" అని ముందు నుంచి ఒకరు అంటుండగానే వెనక నుంచి ఇంకొకరి చెయ్యి నడుము మీద పడింది. ఇంట్లోనో, లాడ్జిలోనో, స్టేషన్‌లోనో చెప్పకుండా వెనక నుంచి పట్టుకుని బట్టలు లాగిన అనుభవం ఉన్న ఒంటికి ఇది జైలు గేటు అని తెలీదు. వెనక నుంచి తాకిడి, ఆజ్ఞ, బట్టలు విప్పడం, బయటికి దారి లేకపోవడం. ఈ నాలుగూ ఒక్కసారి కలిసినప్పుడు ఒళ్లు ఆలోచించదు. చేతిని విసిరికొడుతుంది, లేదా రాయిలా నిలబడిపోతుంది.

ఇక్కడి నుంచి గొలుసు మొదలవుతుంది. "సోదాకు సహకరించలేదు, సిబ్బందిపై చేయి చేసుకుంది" అని రిపోర్టు పడుతుంది. దానికి శిక్షగా ములాఖత్ ఆపుతారు. ములాఖత్ లేకపోతే పిల్లల కబురు ఉండదు. పిల్లల కబురు లేకపోతే నిద్ర ఉండదు. వచ్చే సోదాకి ఆమె ఇంకా బిగుసుకుని వస్తుంది. స్టాఫ్ దీన్ని "మొండితనం" అని చూస్తారు. వాళ్ల తప్పూ పూర్తిగా కాదు, వాళ్లకి ఇంకో మాట ఎవరూ నేర్పలేదు.

ఐక్యరాజ్యసమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు మహిళా ఖైదీల కోసమే రాసినవి. మొత్తం 70. వాటిలో 19వ నియమం శిక్షణ ఉన్న మహిళా సిబ్బందే సోదా చేయాలంటుంది. 20వ నియమం బట్టలు విప్పించే సోదాకి బదులు స్కానర్ల లాంటి పద్ధతులు తేవాలంటుంది. స్కానర్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఈ లోపు రూపాయి ఖర్చు లేకుండా జరిగేవి ఇవి:

తలుపు మూయాలి, లేదా పరదా వేయాలి. గదిలో ఇద్దరు మహిళా సిబ్బందే ఉండాలి, వాళ్ల ఫోన్లు బయట ఉండాలి. చేయి వేసే ముందు ప్రతి అడుగూ నోటితో చెప్పాలి: "అమ్మా, ఇప్పుడు భుజాలు చూస్తాను. ఇప్పుడు నడుము." ముందు నిలబడే చూడాలి. వెనక వైపు చూడాల్సివస్తే చెప్పి, ఆమెనే తిరగమనాలి. బట్టలు తీయించక తప్పకపోతే సగం సగంగా: పైది చూసి అది వేసుకున్నాక కింది భాగం. నెలసరిలో ఉన్నామెకి ప్యాడ్ మార్చుకోవడానికి కొత్తది ఇచ్చి, అటు తిరిగి నిలబడాలి. మీరు రిజిస్టర్‌తో కూర్చుని ఒక సోదాకి ఎంత సమయం పడుతోందో లెక్కపెట్టండి. ఇలా చేస్తే మనిషికి ఒక్క నిమిషం అదనంగా పడుతుంది. పదకొండు మందికి పదకొండు నిమిషాలు. "టైమ్ లేదు" అన్న అభ్యంతరానికి ఈ అంకె కన్నా మంచి జవాబు లేదు.

ఇదే లెక్కన మిగతావీ చూడండి: రాత్రి లెక్క కోసం ముఖం మీద టార్చ్ కొట్టడం, నిద్రలో ఉన్నామెని కాలితో తట్టి లేపడం, అందరి ముందూ కేసు సెక్షన్‌తో పిలవడం. చిన్నపిల్ల చావు కేసులో వచ్చినామెని బ్యారక్ మొత్తం ఏ పేరుతో పిలుస్తుందో ఒకసారి వినండి.

మొదటి మూడు రోజుల్లో అడగాల్సినవి

ప్రవేశం రోజే పెద్ద ప్రశ్నావళి పట్టుకోకండి. మొదటి రోజు నాలుగు సంగతులు తెలిస్తే చాలు. ఒంటి మీద దెబ్బలున్నాయా? గర్భమా, లేదా ఇటీవల కాన్పు, గర్భస్రావం అయిందా? రోజూ వేసుకునే మందులు, తాగే అలవాటు ఏమిటి? చచ్చిపోవాలని అనిపిస్తోందా? అయిదోది అడగాల్సింది మీరే, ఎందుకంటే స్టాఫ్ అడగరు: ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు ఎవరి దగ్గర ఉన్నారు? చాలామంది ఆ రాత్రి నిద్రపోనిది కేసు గురించి కాదు. చంటిపిల్ల పాలు ఎవరిస్తున్నారో తెలీక.

దెబ్బల విషయంలో జాగ్రత్త. అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష జరగాలని, ఆడవాళ్లకి మహిళా డాక్టరే చేయాలని, ఆ రిపోర్టు ప్రతిని అరెస్టయిన మనిషికి ఇవ్వాలని భారతీయ నాగరిక సురక్ష సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 53వ సెక్షన్ చెబుతోంది. ఆ కాగితంలో "గాయాలు లేవు" అని ఉండి జైలు గేటు దగ్గర కమిలిన మచ్చలు కనబడితే, జైలు డాక్టరు వాటి కొలత, రంగు, చోటు రాసి మేజిస్ట్రేట్‌కి తెలపాలి. కమిలిన మచ్చ రంగు నాలుగైదు రోజుల్లో మారిపోతుంది, వారం తర్వాత రాయించడం వృథా. అరెస్టు ఎన్ని గంటలకి జరిగిందో కూడా అడిగి రాసుకోండి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి మొదటి తరగతి మేజిస్ట్రేట్ అనుమతి ముందుగా తీసుకోవాలి. అది అదే చట్టం 43వ సెక్షన్. దానిని వాడేది లాయరు, కానీ సమయం గుర్తున్నప్పుడు రాసుకునే అవకాశం మీకే ఉంది.

తాగే అలవాటు దగ్గర తెలంగాణ జిల్లాల వాళ్లకి ఒక ప్రత్యేక ప్రశ్న అడగాలి: "కల్లు తాగుతావా అమ్మా, రోజూనా?" మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలమ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతారు. ఏళ్లపాటు తాగినామెకి జైల్లో అది ఆగిన ఒకటి నుంచి మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, లేనివి కనబడతాయి, బట్టలు పీక్కుంటుంది, ఫిట్స్ రావచ్చు. కల్లు ఆగిన రోజుల్లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇలాంటి కేసులు వరస కట్టడం తెలిసిన సంగతే. జైల్లో దీన్ని పిచ్చి అంటారు, గాలి సోకింది అంటారు, ఈ మధ్య చదువుకున్నవాళ్లు ట్రామా కూడా అంటున్నారు. ఇది ఏదీ కాదు. ప్రాణం మీదికొచ్చే విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మత్తు ఆగినందుకు ఒళ్లు తిరగబడడం. డాక్టరు డైజిపామ్ లాంటి మందును కొలతగా ఇచ్చి మెల్లగా తగ్గిస్తూ, థయామిన్ (విటమిన్ బి1) కూడా ఇవ్వాలి. కౌన్సెలింగ్ చేస్తూ కూర్చుంటే మనిషి పోతుంది.

రెండో మూడో వారంలో స్క్రీనింగ్ చేయొచ్చు. పీసీ-పీటీఎస్‌డీ-5 అనే అయిదు ప్రశ్నల పట్టిక జైలుకి సరిపోతుంది. పీటీఎస్‌డీ అంటే ట్రామా తర్వాత మిగిలిపోయే మానసిక జబ్బు. గత నెలలో పీడకలలు లేదా వద్దన్నా వచ్చే తలపులు, గుర్తొచ్చే వాటికి దూరంగా ఉండాలని ప్రయత్నించడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉలికిపాటు, మొద్దుబారినట్టు మనుషుల నుంచి విడిపోయినట్టు అనిపించడం, జరిగినదానికి తననో ఇతరులనో తప్పుపట్టుకోవడం మానలేకపోవడం. మూడు లేదా ఎక్కువ "అవును"లు వస్తే సైకియాట్రిస్టు చూడాలి. జైల్లో దీనికి ఒక లోపం ఉంది. మూడో ప్రశ్నకి బ్యారక్‌లో దాదాపు అందరూ అవునంటారు. ఎవరు దొంగిలిస్తారో, ఎవరు కొడతారో తెలీని చోట ఉలికిపాటు జబ్బు కాదు, తెలివి. అందుకని "ఇక్కడికి రాకముందు కూడా ఇలాగే ఉండేదా?" అని కలిపి అడగండి. అరెస్టుకి ముందు నుంచీ ఉంటే, పైగా కోపం అదుపు తప్పడం, "నేను పనికిరాని దాన్ని" అన్న గట్టి నమ్మకం, ఎవరితోనూ బంధం నిలవకపోవడం కూడా ఉంటే, అది ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని విడిగా గుర్తించిన స్థితి కావచ్చు. చిన్నప్పటి నుంచీ, లేదా పెళ్లయిన నాటి నుంచీ ఏళ్ల తరబడి హింస చూసినవాళ్లలో ఎక్కువగా కనబడేది అదే.

ఒక హెచ్చరిక. కాన్పయి రెండు మూడు వారాలలోపు, బిడ్డ చావు కేసులోనో వదిలేసిన కేసులోనో వచ్చినామె పొంతన లేకుండా మాట్లాడుతున్నా, నిద్ర అసలు లేకున్నా, ఎవరో చెవిలో చెబుతున్నారన్నా, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపించాలి. బాలింత సైకోసిస్ అత్యవసరం. పైగా నేరం జరిగిన సమయానికి మనసు స్థితి ఏమిటన్నది కేసులోనే ప్రధాన ప్రశ్న కావచ్చు. రెండు నెలలాగి చూసిన డాక్టరు దాని గురించి ఏమీ చెప్పలేరు.

ఎలా మాట్లాడాలి, ఏం రాయకూడదు

తలుపు వైపు ఆమెని కూర్చోబెట్టండి, మీరు గోడ వైపు. మీ మధ్య బల్ల వద్దు. వార్డర్ చూపుకి అందాలి, వినికిడికి అందకూడదు. మొదటి మాటలోనే హద్దు చెప్పండి: "ఏం జరిగిందో నాకు చెప్పక్కర్లేదు. నిద్ర, తిండి, పిల్లలు, వాయిదా, వీటి గురించి మాట్లాడదాం. ఆపాలనిపిస్తే చెయ్యెత్తండి చాలు." ఆ ఒక్క చెయ్యెత్తే హక్కు చాలామందికి జైల్లో దొరికిన మొదటి "వద్దు". దాన్ని ఒక్కసారి మీరు పట్టించుకోకపోయినా మళ్లీ నమ్మరు.

ఆమె కళ్లు ఒకచోట నిలిచిపోతే, ఊపిరి పైపైనే ఆడుతుంటే, ప్రశ్నలు ఆపేయండి. "అమ్మా, ఇది మధ్యాహ్నం, కౌన్సెలింగ్ గదిలో ఉన్నాం. కాళ్లు నేల మీద గట్టిగా నొక్కండి. గదిలో కనబడే అయిదు వస్తువుల పేర్లు చెప్పండి." తర్వాత తాకగలిగే నాలుగు, వినబడే మూడు. భుజం తట్టకండి. మంచి ఉద్దేశంతో వేసిన చెయ్యి కూడా ఆ క్షణంలో చెయ్యే. కళ్లు మూసుకుని ధ్యానం చేయించే యోగా క్లాసులు కొందరికి బాగుంటాయి, కొందరికి కళ్లు మూయగానే సినిమా మొదలవుతుంది. కళ్లు తెరిచి, గోడకి ఆనుకుని చేసే వీలు ఉంచమని టీచర్‌కి చెప్పండి.

ఇక చాలామంది కౌన్సెలర్లకి తెలీని సంగతి. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతోంది. మీరు పోలీసు కాదు, కాబట్టి మీతో అన్న మాటకి ఆ రక్షణ లేదు. లాయరుతో మాట్లాడినదానికి 132వ సెక్షన్ గోప్యత ఉంది, మీకు అదీ లేదు. "ఆ రోజు నేనే తోసేశాను" అని ఆమె ఏడుస్తూ అన్నది మీ నోట్స్‌లో ఉంటే, రేపు ఆ నోట్స్ కోర్టుకి తెమ్మనొచ్చు, మీరు సాక్షిగా బోనులో నిలబడాల్సి రావొచ్చు. అందుకే సంఘటన వైపు మాట మళ్లగానే ఆపి, "ఇది మీ లాయరు గారికి చెప్పండి, నాకు కాదు" అనాలి. నోట్స్‌లో లక్షణాలు, తేదీలు, చేసిన సాయం ఇంతే. సొంత మాటలు కొటేషన్‌లో పెట్టే అలవాటు కాలేజీలో నేర్పి ఉంటారు. ఇక్కడ మానేయండి.

లాయరు లేదంటే, న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు హక్కు. దానికి 15100 హెల్ప్‌లైన్ నంబరు ఉంది. కథ పూసగుచ్చినట్టు చెప్పలేని క్లయింటుతో ఎలా మాట్లాడాలో లాయరుకి మీరు చెప్పొచ్చు: తేదీలు అడగొద్దు, "బతుకమ్మ ముందా తర్వాతా?", "సంక్రాంతికి పుట్టింటికి వెళ్లారా?", "చిన్నోడు నడక నేర్చాడా అప్పటికి?" అని అడగమనండి. ట్రామా జ్ఞాపకం ముక్కలుగా ఉంటుంది. వరస మారినంత మాత్రాన అబద్ధం కాదు. గంజాయి కేసుల్లో మన్యం నుంచి వచ్చిన ఆదివాసీ ఆడవాళ్లకైతే భాష కూడా అడ్డే. దుబాసీగా అదే కేసులో సహనిందితురాలిని మాత్రం పెట్టకండి.

ప్రమాదం ఎప్పుడు

మొదటి రాత్రి, మొదటి వారం, బెయిల్ కొట్టేసిన రోజు, తీర్పు రోజు, భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడని ఫోన్‌లో తెలిసిన రోజు. క్యాలెండర్ మీద ఇవి ముందే తెలుస్తాయి కాబట్టి, రేపు ఎవరెవరికి వాయిదా ఉందో జాబితా ముందురోజే తీసుకోండి. సూటిగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా?" అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరి సెల్‌లో పెట్టించకండి, అది జైళ్లు చేసే పెద్ద తప్పు. నమ్మకస్తులైన ఇద్దరు ఖైదీల మధ్య పడక, వేళ తప్పిస్తూ పది పదిహేను నిమిషాలకోసారి వార్డర్ చూపు, ఆ రోజే డాక్టరు. చున్నీ లాక్కుని ఊరుకోవడం కాపలా కాదు, అవమానం మాత్రమే. ప్రయత్నం చేసినామె మీద కేసు పెట్టబోతే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 115వ సెక్షన్ చూపించండి. తీవ్ర ఒత్తిడిలో ఉందనే భావించాలి, విచారించి శిక్షించకూడదు. ఇదే చట్టం 103వ సెక్షన్ జైలు డాక్టరు ప్రతి మూడు నెలలకీ జైల్లో మానసిక రోగులు ఎవరూ లేరని మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకి ధ్రువీకరించాలంటుంది. ఆ నివేదిక వెళ్లే ముందు మీ జాబితా డాక్టరుకి చేరితే ఎవరినైనా ఆస్పత్రికి మార్చడం సులువవుతుంది.

జాబితాలో ఇంకో రోజు చేర్చాలి, తల్లితో ఉన్న బిడ్డకి ఆరేళ్లు నిండే రోజు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఆరేళ్ల వరకే బిడ్డ జైల్లో తల్లితో ఉండొచ్చు. ఆ రోజు పొద్దున్న వ్యాన్ వచ్చి బిడ్డని తీసుకుపోతే తల్లికీ బిడ్డకీ కొత్త గాయం. ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తల్లి చెప్పాలి, బాలల సంక్షేమ కమిటీ ఆ ఇల్లు చూడాలి, బిడ్డ ముందు ఒక పూట, తర్వాత ఒక రాత్రి, తర్వాత వారం అక్కడ ఉండి రావాలి. వెళ్లాక మొదటి ములాఖత్ తేదీ తల్లి చేతిలో కాగితం మీద ఉండాలి. అదే తీర్పు మరో సంగతి చెప్పింది: జైల్లో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటుగా జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. ఇది అమలవుతోందో లేదో ఒక పత్రం తీసి చూడండి.

మందుల గురించి కొంచెమే. నిద్ర పట్టడం లేదన్న ప్రతి ఒక్కరికీ రాత్రి అల్ప్రాజోలమ్ ఇవ్వడం తేలిక, బ్యారక్ నిశ్శబ్దంగా ఉంటుంది. పీటీఎస్‌డీకి అది చికిత్స కాదు. అలవాటు పడుతుంది, బ్యారక్‌లో సరుకుగా చేతులు మారుతుంది. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్, పీటీఎస్‌డీ మందులు సైకియాట్రిస్టు మొదలుపెడితే ఫలితానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని ఆమెకీ స్టాఫ్‌కీ ముందే చెప్పండి, లేకపోతే పదో రోజున "పనిచేయట్లేదు" అని ఆపేస్తారు.

కోర్టుకి ఏం రాయాలి

ఒక పేజీ. "ఈమె ట్రామా బాధితురాలు, నేరం చేయలేదు" అని రాశారంటే ఆ కాగితం విలువ అక్కడితో పోయింది. నేరం గురించి మీకు తెలీదు, తెలిసినా రాయకూడదు. రాయాల్సింది ఇలా ఉంటుంది: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు 4 సార్లు చూశాను. నిద్రలేమి, ప్రశ్నలు అడిగేటప్పుడు స్తంభించిపోవడం గమనించాను. సైకియాట్రిస్టు ఫలానా తేదీన చూసి చికిత్స మొదలుపెట్టారు. విచారణ సమయంలో చిన్న ప్రశ్నలు, మధ్యలో విరామం ఇస్తే సమాధానం చెప్పగలదు." రోగనిర్ధారణ మాట డాక్టరు కాగితంలోనే ఉండాలి. మీ పేజీ లాయరు ద్వారా, ఆమె ఒప్పుకున్నాకే వెళ్లాలి. ట్రామా చరిత్ర బయటపడితే ఊళ్లో ఏమవుతుందో మనకన్నా ఆమెకే తెలుసు.

భర్త హింస భరించి భరించి చంపిన కేసుల్లో లాయరు ఈ చరిత్రను విచారణ మొదట్లోనే సాక్ష్యంగా పెట్టాలి, శిక్ష దగ్గర కాదు. దీర్ఘకాలం పేరుకున్న కవ్వింపు అన్న వాదనను మద్రాసు హైకోర్టు 1989లోనే గుర్తించింది. గౌహతి హైకోర్టు 2013లో భర్త దెబ్బలు తిన్న భార్య మానసిక స్థితిని లెక్కలోకి తీసుకుని హత్య నేరాన్ని తగ్గించింది. పాత ఆస్పత్రి చీటీలు, పంచాయితీ కాగితాలు, పుట్టింటివాళ్ల సాక్ష్యం ఎక్కడున్నాయో వెతికించడంలో మీరు పనికొస్తారు.

బెయిల్ వైపు మూడు సంగతులు. నాగరిక సురక్ష సంహిత 480వ సెక్షన్ ప్రకారం మరణశిక్ష, యావజ్జీవం పడగల కేసుల్లో కూడా ఆడమనిషి అన్న కారణంతో కోర్టు బెయిల్ ఇవ్వొచ్చు. 20 కిలోలు మించిన గంజాయి కేసుల్లో ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం 37వ సెక్షన్ బెయిల్‌కి అడ్డొస్తుంది, అందుకే ఆ ఆడవాళ్లే ఏళ్లపాటు లోపలుంటారు, పద్ధతైన థెరపీకి వీలున్నదీ వాళ్లకే. బెయిల్ వచ్చాక కూడా జామీను దొరక్క ఏడు రోజులైనా విడుదల కాకపోతే సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పేద ఖైదీల కోసం కేంద్రం అదే ఏడాది తెచ్చిన పథకంలో మొదట విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు సాయం పెట్టారు, ఎన్‌డీపీఎస్ కేసులకి మాత్రం వర్తించదు.

విడుదల దాదాపు ఎప్పుడూ చీకటి పడ్డాకే. చేతిలో కనీసం రెండు వారాల మందులు, మందుల చీటీ, వచ్చే వాయిదా తేదీ, బస్సు డబ్బులు ఉన్నాయో లేదో గేటు దగ్గర ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి. సెర్ట్రలిన్ ఒక్కసారిగా ఆగితే తల తిరుగుడు, దడ వస్తాయి. "జైలుకెళ్లి పిచ్చిదై వచ్చింది" అంటారు. కొట్టిన ఇంటికే తిరిగి వెళ్లాల్సినామెకి 181 మహిళా హెల్ప్‌లైన్, హింస బాధితులకి సాయం చేసే సఖి కేంద్రం. మాట్లాడడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416.

ఇక వారానికోసారి పడిపోయే ఆమె. నాటకమా కాదా అన్న చర్చలోకి దిగకండి, చూసింది రాయండి. కళ్లు తెరిచి ఉన్నాయా మూసుకున్నాయా? ఎన్ని నిమిషాలు? నాలుక పక్కన కొరుక్కుందా? బట్టల్లో మూత్రం పోయిందా? తేరుకున్నాక మగతగా ఉందా? కళ్లు తెరిచి ఒకటి రెండు నిమిషాల్లో ఆగి, నాలుక తెగి, తర్వాత మత్తుగా ఉంటే మూర్ఛ వైపు మొగ్గు. కళ్లు గట్టిగా మూసుకుని పది నిమిషాలు కొట్టుకుంటే మానసిక మూలం వైపు మొగ్గు. అదీ ఆమె కావాలని చేసేది కాదు. రెంటికీ న్యూరాలజీ పరీక్ష ఒకసారి తప్పదు, ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, ముఖాన నీళ్లు కొట్టడం ఆపించండి. అయిదు నిమిషాలు దాటితే, లేదా ఆగి మళ్లీ వస్తే, మూలమేదని ఆలోచించకుండా ఆస్పత్రికి పంపండి. ఆ తర్వాత ఒక కాగితం మీద ఆమె పడిపోయిన తేదీలు ఒక వరసలో, పక్కనే వాయిదాలు, ములాఖత్‌లు, బ్యారక్ సోదాలు జరిగిన తేదీలు ఇంకో వరసలో రాయండి. నాలుగు వారాలు చాలు. ఏ వరస దేనితో కలుస్తుందో చూసి, ముందు ఆ పని జరిగే తీరును మార్పించండి.